చెక్ ఇంజన్ లైట్ ఎందుకు వెలిగింది? తరచుగా అడిగే ప్రశ్నలు

కారు తీసుకుని రెండు కిలోమీటర్లు వెళ్లగానే మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. కారేమో మామూలుగానే నడుస్తుంటుంది. ఆపాలో, పోనివ్వాలో అర్థం కాదు. షెడ్డుకి తీసుకెళ్తే ఎంత బిల్లు అవుతుందో అని ఇంకో టెన్షన్. మా బంధువులు, అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లు ఈ లైట్ గురించి నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. నేను మెకానిక్‌ని కాదు. పన్నెండేళ్లుగా ఇంట్లో కార్ల పని దగ్గరుండి చేయించుకుంటూ, చేతనైనంత సొంతంగా చేసుకుంటూ నేర్చుకున్నాను. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉంటాను: కారణం తేలకుండా సామాను మార్చనివ్వొద్దు.

అసలు ఈ లైట్ ఏం చెబుతుంది?

ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్ ఒకటి ఉంటుంది, ఈసీయూ అంటారు. గాలి ఎంత వస్తోంది, పెట్రోల్ ఎంత పోస్తోంది, ఇంజన్ ఎంత వేడెక్కింది, సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది, ఇలాంటివన్నీ అది సెన్సర్ల ద్వారా క్షణక్షణం చూస్తూ ఉంటుంది. ఏదైనా లెక్క హద్దు దాటితే ఒక కోడ్ రాసిపెట్టుకుని ఈ లైట్ వెలిగిస్తుంది. చాలా లోపాలకు ఒక్కసారి కనపడగానే వెలిగించదు. వరుసగా రెండు ప్రయాణాల్లో అదే లోపం కనపడితేనే వెలిగిస్తుంది. అందుకే నిన్న గుంతలో పడినందుకే ఇవాళ లైట్ వచ్చిందని అనుకోవడానికి లేదు. సమస్య అంతకంటే ముందే మొదలై ఉండొచ్చు.

ఈ లైట్ ముఖ్యంగా పొగ కాలుష్యానికి సంబంధించినది. ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌కీ, బ్రేకులకీ వేరే లైట్లు ఉన్నాయి.

లైట్ నిలకడగా వెలగడానికీ, వెలుగుతూ ఆరుతూ ఉండటానికీ తేడా ఉందా?

చాలా తేడా ఉంది. ఈ పేజీలో ఇదొక్కటే చదివినా చాలు.

నిలకడగా వెలుగుతోందంటే లోపం నమోదైంది, ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవాలి అని. వెలుగుతూ ఆరుతూ ఉందంటే ఇంజన్ ఆ క్షణంలోనే గట్టిగా మిస్ అవుతోందని. ఒక సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా అలాగే బయటికి పోయి, సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి లోపలి తేనెపట్టులాంటి దిమ్మ కరిగిపోతుంది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది కాబట్టి కన్వర్టర్ మార్చాలంటే చాలా ఖర్చు. పెట్రోల్‌ని అంటించే ఒక ప్లగ్గో, దానికి కరెంటు ఇచ్చే ఒక కాయిలో మారిస్తే సరిపోయే పని అంత దాకా పోతుంది.

ఎక్కువగా ఇది ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది. శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు దారిలోనో నిండా మనుషులతో, ఏసీ వేసుకుని రెండో గేర్‌లో ఎక్కుతుంటే ఇంజన్ మీద బరువు పడుతుంది. బలహీనపడిన కాయిల్ అక్కడ చేతులెత్తేస్తుంది. అలాంటప్పుడు ఏసీ ఆపండి, యాక్సిలరేటర్ వదలండి, పక్కకు ఆపడానికి చోటున్న దగ్గర ఆపండి. కాసేపటికి లైట్ ఆరడం మానేసి నిలకడగా వెలుగుతుంటే, నెమ్మదిగా దగ్గర్లోని ఊరి దాకా వెళ్లొచ్చు. మళ్లీ ఆరుతూ వెలుగుతూ ఉంటే ముందుకు పోవద్దు, టోయింగ్‌కి ఫోన్ చేయండి.

ఇప్పుడే హైవే మీద ఉన్నాను, లైట్ నిలకడగా వెలిగింది. ఆపేయాలా?

ముందు మిగతా మీటర్లు చూడండి. టెంపరేచర్ మామూలుగా ఉందా, ఎర్ర లైట్ ఏదైనా వెలిగిందా, కారు కుదుపుగా పోతోందా, పెట్రోల్ వాసన వస్తోందా? ఇవేవీ లేకపోతే ఇంటికి వెళ్లొచ్చు. నూటఇరవైలో పోకుండా ఎనభై దగ్గర పోనివ్వండి.

నూనె చెంబు బొమ్మ ఎర్రగా వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకి ఎగబాకినా సంగతి వేరు. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. ఇంకో రెండు కిలోమీటర్లేగా అని నడిపితే ఇంజన్ చేజారిపోతుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు నేనేం చూసుకోవచ్చు?

ముందు వారం రోజుల వెనక్కి వెళ్లి గుర్తు చేసుకోండి. కొత్త బంకులో పెట్రోల్ కొట్టించారా? సర్వీసింగ్ అయి వచ్చిందా? ఇంజన్ రూమ్‌ని ప్రెషర్ వాటర్‌తో కడిగించారా? బ్యాటరీ మార్చారా? వర్షంలో నీళ్లలోంచి పోనిచ్చారా? ఊరెళ్లి కారుని పది రోజులు కదల్చకుండా ఉంచారా? నేను చూసినవాటిలో చాలాసార్లు జవాబు ఈ ప్రశ్నల్లోనే దొరికింది.

తర్వాత ఇంజన్ చల్లారాక బానెట్ ఎత్తండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులన్నీ పడ్డాయా? అక్కడి నుంచి ఇంజన్‌కి వెళ్లే లావు రబ్బరు గొట్టం రెండు చివర్లా బిగుతుగా ఉందా? సర్వీసింగ్‌లో ఫిల్టర్ మార్చి ఒక క్లిప్పు వదిలేయడం, సెన్సర్ సాకెట్ టక్ మనేదాకా నొక్కకపోవడం మామూలుగా జరిగేవే. సాకెట్లను ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూడండి. వైర్ల మీద పంటిగాట్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి మట్టం చూడండి.

వీటికి పది నిమిషాలు పట్టదు, ఖర్చు ఏమీ లేదు.

స్కానర్ కొనుక్కోవాలా? ఏది పనికొస్తుంది?

కొనుక్కోమనే చెబుతాను. ఈసీయూ రాసిపెట్టుకున్న కోడ్‌ని చదివి చూపించేది ఇదే. అగ్గిపెట్టె అంత ఉండే ఈఎల్ఎం327 బ్లూటూత్ స్కానర్లు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయల నుంచి దొరుకుతాయి. ఫోన్‌లో టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్ వేసుకుంటే చాలు. ఐఫోన్ వాళ్లు మాత్రం మామూలు బ్లూటూత్‌ది కాకుండా, ఐఫోన్‌కి పనిచేస్తుందని స్పష్టంగా రాసినది తీసుకోవాలి. మరీ చవక నకళ్లు కొన్ని కార్లతో అసలు మాట్లాడవు, వెనక్కి ఇచ్చే వీలుందో లేదో చూసుకుని కొనండి.

స్కానర్ పెట్టే సాకెట్ స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల పైన దాక్కుని ఉంటుంది. పదహారు పిన్నులు, ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్4 కాలుష్య ప్రమాణాల కార్లకు ఓబీడీ-2, అంటే లోపాలను కారే పట్టుకుని కోడ్‌లుగా చెప్పే పద్ధతి, తప్పనిసరి అయింది. ఆ తర్వాతి కార్లన్నిటికీ ఈ స్కానర్లు పనికొస్తాయి. అంతకుముందు వాటిలో కొన్నిటికి కంపెనీ మిషన్ కావాల్సిందే.

పని అయ్యాక స్కానర్ తీసేయండి. వారాల తరబడి దానికే వదిలేస్తే బ్యాటరీని కొంచెం కొంచెంగా తాగేస్తుంది.

కోడ్ వచ్చింది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

మొదటి అక్షరం పి అయితే ఇంజన్, గేర్‌బాక్స్ సంగతి. తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, ఒకటి అయితే ఆ కంపెనీ సొంత కోడ్. మూడో స్థానంలోని అంకె ఏ శాఖో చెబుతుంది: 1, 2 అయితే గాలి, పెట్రోల్, 3 అయితే మంట సరిగ్గా అంటుకోకపోవడం (మిస్‌ఫైర్), 4 అయితే పొగ శుభ్రం చేసే సామాను, 7 అయితే గేర్‌బాక్స్.

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం తప్పకుండా స్క్రీన్‌షాట్ తీసుకోండి. లోపం పట్టుకున్న క్షణంలో కారు ఎంత స్పీడ్‌లో ఉంది, ఆర్పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత అని ఈసీయూ తీసిపెట్టుకున్న ఫొటో అది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు వచ్చిన లోపం వేరు, నాలుగో గేర్‌లో ఎత్తు ఎక్కుతుంటే వచ్చిన లోపం వేరు. మెకానిక్‌కి సగం దారి ఇదే చూపిస్తుంది. కోడ్ డిలీట్ చేసిన మరుక్షణం ఇదీ పోతుంది.

స్కానర్‌లో ఆక్సిజన్ సెన్సర్ పేరు వచ్చింది. ఆ సెన్సర్ మార్చేస్తే సరిపోతుందా?

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నాను.

కోడ్ చెప్పేది సమస్య ఎక్కడ బయటపడిందో. ఎందుకు వచ్చిందో అది చెప్పదు. ఇంట్లో పొగ వచ్చిందని సెన్సర్ అరిస్తే సెన్సర్ పాడైందని అనుకోంగా.

మా పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో పి0171 వచ్చింది. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అవుతోందని దాని అర్థం. ఒక వర్క్‌షాపులో స్కానర్ పెట్టి, ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు. మార్పించాను. నాలుగు రోజులు బాగుంది, ఐదో రోజు లైట్ మళ్లీ వచ్చింది. ఈసారి ఇంజెక్టర్లు క్లీన్ చేయించాలన్నారు. అదీ చేయించాను. లైట్ పోలేదు.

చివరికి ఒక ఆదివారం నేనే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక లెక్క కనిపిస్తుంది. ఈసీయూ తన మామూలు లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ పెట్రోల్ పోయాల్సి వస్తోందో అది చెబుతుంది. సున్నాకి అటూ ఇటూ పది లోపల ఉంటే ఫర్వాలేదు. మా కారులో ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 26 చూపిస్తోంది. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే 6కి దిగింది. విషయం అక్కడ తేలిపోయింది. ఐడిల్‌లో ఇంజన్ లోపలికి పీల్చే గాలి కొంచెమే. ఎక్కడో చిన్న చిల్లులోంచి దొంగదారిన వచ్చే గాలి ఆ కొంచెంలో పెద్ద వాటా అవుతుంది. ఆర్పీఎం పెరిగితే అసలు గాలి ఎక్కువై, దొంగ గాలి లెక్కలోకి రాకుండా పోతుంది. పెట్రోల్ పంపు బలహీనమైతే దీనికి తిరగబడి ఉండేది: ఐడిల్‌లో బాగుండి, గట్టిగా తొక్కినప్పుడు లెక్క పెరిగేది.

సీసాలో సబ్బు నీళ్లు పోసుకుని, ఇంజన్ నడుస్తుండగా రబ్బరు గొట్టాల అతుకుల మీద కొంచెం కొంచెం కొట్టుకుంటూ వచ్చాను. ఇంజన్ పై మూత నుంచి, సిలిండర్లకు గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్‌కి వెళ్లే చిన్న గొట్టం మీద, వంపు తిరిగే చోట అడుగున కొట్టగానే ఇంజన్ శబ్దం మారింది. నీళ్లు చిల్లుని ఒక్క క్షణం మూసేశాయి. గొట్టం తీసి వంచితే వేలిగోరంత చీలిక నోరు తెరిచింది. పైనుంచి చూస్తే అసలు కనపడదు. ఆ గొట్టం ఖరీదు, అంతకుముందు నేను మార్పించిన సెన్సర్ ఖరీదులో పదో వంతు కూడా లేదు.

ఒక జాగ్రత్త. వేడి ఇంజన్ మీద పెట్రోల్ గానీ, కార్బ్ క్లీనర్ స్ప్రే గానీ కొట్టి లీకు వెతికేవాళ్లున్నారు. నిప్పు అంటుకోవచ్చు. సబ్బు నీళ్లు చాలు, అవి కూడా సాకెట్ల మీద పడకుండా. ఇంకొకటి. మా కారులో వచ్చే గాలిని నేరుగా కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉంది. దాని బదులు గాలి ఒత్తిడిని చూసే మ్యాప్ సెన్సర్ ఉన్న కార్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో ఇలాంటి చీలిక పి0171గా కాకుండా ఐడిల్ పెరిగిపోవడంగా కనపడొచ్చు.

పి0301, పి0302 లాంటి మిస్‌ఫైర్ కోడ్ వచ్చింది. ప్లగ్గా, కాయిలా?

చివరి అంకె ఏ సిలిండరో చెబుతుంది. పి0302 అంటే రెండో సిలిండర్. పి0300 అంటే ఒక్కదాంట్లో అని కాదు, అటూ ఇటూ మారుతూ మిస్ అవుతోందని. అప్పుడు పెట్రోల్, గాలి లీకు లాంటి అన్నిటికీ కలిపి ఉండే కారణం వెతకాలి.

ఒక్క సిలిండర్ అయితే తేల్చుకోవడానికి కొత్త సామాను కొనక్కర్లేదు. ప్రతి ప్లగ్గు మీద విడిగా కాయిల్ ఉన్న కారు అయితే, ఇంజన్ ఆపి, చల్లారాక, రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానికీ, మూడో దాన్ని రెండో దానికీ మార్చండి. ఒక్క బోల్టు, ఒక సాకెట్, అంతే పని. కోడ్ డిలీట్ చేసి ఒక రౌండు వేసి రండి. ఈసారి పి0303 వస్తే తప్పు కాయిల్‌దే, దాంతో పాటే పక్కకు వెళ్లింది. మళ్లీ పి0302నే వస్తే కాయిల్ మంచిదే. ఇదే పద్ధతిలో ప్లగ్గులు మార్చి చూడండి. అప్పుడూ కదలకపోతే ఇంజెక్టర్, వైరింగ్, చివరగా కంప్రెషన్ చూడాలి. ఆ పని మెకానిక్‌కి వదిలేయండి. రెండేసి సిలిండర్లకు ఒకే కాయిల్ ఉండే పాత పద్ధతి కార్లలో ఈ పరీక్ష కుదరదు.

ప్లగ్గు తీసినప్పుడు దాని మొహం చూడండి. లేత గోధుమ రంగు ఉంటే బాగున్నట్టు. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ. జిడ్డుగా తడి ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది.

పి0420 వచ్చింది, కన్వర్టర్ మార్చాలంటున్నారు. నిజమేనా?

నిజం కావచ్చు, కానీ అది ఆఖరున ఒప్పుకోవాల్సిన మాట. కన్వర్టర్ ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొకటి ఉంటాయి. మామూలు రకం సెన్సర్లయితే ముందుది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుంది, వెనకది 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్ పని చేయట్లేదని ఈసీయూ అనుకుంటుంది. సెన్సర్ దగ్గర సైలెన్సర్ గొట్టం చీలినా అలాగే కనపడుతుంది. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేయగానే కింద టిక్‌టిక్‌మని శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గుతుంటే ఆ చీలిక గురించే ఆలోచించండి.

మిస్‌ఫైర్ కోడ్ కూడా పక్కనే ఉంటే ముందు అది బాగు చేయించాలి. దాన్ని వదిలేసి కొత్త కన్వర్టర్ వేస్తే అదీ కాలిపోతుంది.

పెట్రోల్ కొట్టించాకే లైట్ వచ్చింది. కల్తీ అయి ఉంటుందా? ఈ20 వల్లనా?

ట్యాంకు నింపిన కొన్ని కిలోమీటర్లకే పికప్ పడిపోయి, ఇంజన్ దడదడలాడి లైట్ వస్తే పెట్రోల్‌ని అనుమానించాల్సిందే. బిల్లు దాచుకోండి. బంకులో ఫిల్టర్ పేపర్ అడిగి, పెట్రోల్ చుక్క వేసి చూసే హక్కు మీకుంది. చుక్క ఆరాక మరక మిగలకూడదు. కొలత మీద అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమనొచ్చు. నీళ్లు కలిసిందీ లేనిదీ పేపర్‌తో సరిగ్గా తెలియదు. గాజు సీసాలో కొంచెం పట్టి కదపకుండా ఉంచితే, విడిపోయిన నీళ్లు అడుగున వేరే పొరగా కనపడతాయి.

ఈ20 గురించి: ఈ20 అంటే ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి అదే గాలికి కొంచెం ఎక్కువ ఇంధనం కావాలి. ఆ తేడాని ఈసీయూ చాలావరకు సర్దుకుంటుంది. కాబట్టి ఇంజన్ మిగతా అన్ని విధాలా బాగుంటే ఈ20 ఒక్కదానివల్లే లైట్ రావడం మామూలుగా జరగదు. కానీ పైన చెప్పిన గాలి లీకు లాంటిది ముందే ఉండి, సర్దుబాటు అంచున ఉన్న పాత కారులో ఈ కొంచెం తేడాకే హద్దు దాటొచ్చు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. అందుకే నెలల తరబడి కదల్చని కారులో పాత పెట్రోల్ ఉంచడం మంచిది కాదు.

ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయి. ఏం చేయాలి?

సెల్లార్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్లలో, వానాకాలం మొదలవగానే ఇది ఎక్కువ. వెచ్చగా, పొడిగా ఉంటుందని బానెట్ కింద చేరతాయి. సెన్సర్ వైరు సన్నగా ఉంటుంది, ఒక్క రాత్రి చాలు. ఒకేసారి సంబంధం లేని మూడు నాలుగు కోడ్‌లు వచ్చాయంటే నేను ముందు చూసేది ఎలుక కోసమే. ఇన్సులేషన్ తుక్కు, రెట్టలు, సగం తిన్న చపాతీ ముక్క ఇంజన్ మీద దొరుకుతాయి.

తెగిన వైరుని మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌తో సోల్డరింగ్ చేయించి, హీట్ ష్రింక్ ట్యూబ్ వేయించండి. ఊరికే మెలిపెట్టి టేపు చుడితే వానకి తుప్పు పట్టి అదే లైట్ మళ్లీ వస్తుంది. వైర్ల కట్ట (హార్నెస్) మొత్తం మార్చాలంటే ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే ఫొటోలు పంపి, పాలసీలో వస్తుందో లేదో కనుక్కోండి. ఇక రాకుండా ఉండాలంటే కారుని రెండు రోజులకొకసారైనా కదపడం, చెత్తడబ్బా పక్కన పార్క్ చేయకపోవడం నాకు పనిచేశాయి. కింది ఖాళీలకు సన్న ఇనుప జాలీ బిగించుకున్నవాళ్లూ ఉన్నారు. పొగాకు కాడలు, నాఫ్తలీన్ ఉండలు వాసన ఉన్నన్నాళ్లే.

వర్షపు నీళ్లలోంచి వచ్చాక వెలిగింది. వరదలో మునిగిన కారు అయితే?

మామూలు నీళ్ల గుంట దాటాక వచ్చిన లైట్ అయితే సాకెట్‌లో తడి చేరి ఉంటుంది. ఆరాక పోతే పోయింది, లేదంటే సాకెట్లు విప్పి ఆరబెట్టించాలి.

మునిగిన కారు సంగతి పూర్తిగా వేరు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు, సెల్లార్లలో ఉన్న కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి కారుని స్టార్ట్ అవుతుందేమో అని ఒక్కసారి కూడా తాళం తిప్పొద్దు. సిలిండర్‌లోకి వెళ్లిన నీరు గాలిలాగా నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేసి, ఎక్కడిదాకా నీళ్లు వచ్చాయో బురద గీత కనిపించేలా ఫొటోలు తీసి, టోయింగ్ చేయించండి. నీళ్లున్న ఇంజన్‌ని స్టార్ట్ చేయడం వల్ల పాడైతే, ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ లేని మామూలు పాలసీలో ఆ ఖర్చు సాధారణంగా రాదు.

మాది డీజిల్ కారు. వేరే కారణాలేమైనా ఉంటాయా?

ఉంటాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. నిండినప్పుడు ఈసీయూ అదనంగా డీజిల్ పోసి, దాదాపు ఆరు వందల డిగ్రీల వేడి పుట్టించి ఆ మసిని కాల్చేస్తుంది. రోజూ ఇంటి నుంచి బడికీ, బడి నుంచి మార్కెట్‌కీ మాత్రమే తిరిగే కారుకి ఆ వేడి రాదు, మసి పేరుకుపోతుంది. డీపీఎఫ్ లైట్ ఒక్కటే వెలిగితే, మాన్యువల్‌లో రాసినట్టు హైవే మీద ఇరవై నిమిషాలకు తగ్గకుండా, ఆర్పీఎం రెండు వేల పైన ఉండేలా ఏకబిగిన నడపండి. మధ్యలో ఆపొద్దు. దాంతో పాటు చెక్ ఇంజన్ లైట్ కూడా వచ్చిందంటే ఇక సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సిందే.

డిప్‌స్టిక్ కూడా చూడండి. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందంటే, సగంలో ఆగిన ఆ కాల్పుల డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని. ఆయిల్ మార్పించకుండా నడపొద్దు. పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం, యాడ్‌బ్లూ, పోసే బండి అయితే, అది అయిపోయేదాకా చూడకండి. అయిపోతే బండి మళ్లీ స్టార్ట్ కాదు. పొలం యూరియా నీళ్లలో కలిపి పోస్తే ఆ వ్యవస్థ మొత్తం పాడవుతుంది.

సీఎన్‌జీ కిట్ పెట్టించాక వస్తోంది.

రెండు మూడు రోజులు పూర్తిగా పెట్రోల్ మీద నడపండి. లైట్ రాకపోతే కిట్ ట్యూనింగ్‌ది తప్పు, పెట్టినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. పెట్రోల్ మీద కూడా వస్తే కిట్‌ని వదిలేసి మామూలుగా వెతకండి.

పెట్రోల్ ట్యాంకు మూత బిగిస్తే లైట్ పోతుందని వీడియోల్లో చెబుతున్నారు.

ఆ వీడియోలు ఎక్కువగా అమెరికావి. అక్కడి కార్లు ట్యాంకులోంచి పెట్రోల్ ఆవిరి లీకవుతోందా అని తమంతట తాము పరీక్షించుకుంటాయి, మూత వదులైతే పి0455 లాంటి కోడ్ వస్తుంది. మన దగ్గర అమ్మే చాలా కార్లలో ఆ లీకు పరీక్షే ఉండదు. మూత బిగించడం మంచిదే, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకైతే ఆ సలహా సరిగ్గా సరిపోతుంది. మూత బిగించి నాలుగైదు రోజులు చూడండి. ఆటోజోన్ లాంటి షాపుల్లో చాలాచోట్ల కోడ్ ఉచితంగా చదివి చెబుతారు. పి0420 వస్తే జేబులోంచి ఖర్చు పెట్టేముందు కారు వయసు చూసుకోండి: అక్కడి ఫెడరల్ నిబంధన ప్రకారం కన్వర్టర్‌కీ, ఈసీయూకీ 8 సంవత్సరాలు లేదా 80,000 మైళ్ల వారంటీ ఉంటుంది.

బ్యాటరీ వైరు తీసి పెడితే లైట్ పోయింది. ఇక ఫర్వాలేదా?

కోడ్ చెరిగింది, లోపం అక్కడే ఉంది. పైగా ఫ్రీజ్ ఫ్రేమ్ పోయింది, ఫ్యూయల్ ట్రిమ్ లెక్కలు పోయాయి, రేడియో, కిటికీల సెట్టింగులు పోవచ్చు. నిజంగా బాగైతే లైట్ దానంతట అదే ఆరుతుంది: చాలా లోపాలకు వరుసగా మూడు ప్రయాణాల్లో తేడా కనపడకపోతే చాలు. రిపేరు అయ్యాక, బాగైందో లేదో చూడటానికి మాత్రమే డిలీట్ చేయండి.

వర్క్‌షాపులో ఏం అడగాలి?

వెళ్లగానే సెన్సర్ పోయిందేమో అని మనమే అనకూడదు. ఎప్పుడు వచ్చింది, అప్పుడు కారు ఎలా నడిచింది, అంతకుముందు ఏం జరిగింది, ఇవే చెప్పాలి. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ చూపించండి. వాళ్లు ఏదైనా మార్చాలంటే ఒక్క ప్రశ్న అడగండి: “ఇదే పోయిందని ఎలా తేల్చారన్నా?” మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు. మల్టీమీటర్ రీడింగో, లైవ్ డేటానో చూపిస్తాడు. స్కానర్‌లో ఆ పేరు వచ్చిందనడం తప్ప ఇంకో జవాబు లేకపోతే, స్కానింగ్‌కి ఎంతో ఇచ్చేసి ఇంకోచోట చూపించండి. కష్టపడి కారణం వెతికినవాళ్లకి ఆ పనికి విడిగా డబ్బులు ఇవ్వండి, సామాను ఏదీ మార్చకపోయినా సరే. మార్చిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి.

కారు వారంటీలో ఉంటే బయట వైర్లు కోయించొద్దు.

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాను. లైట్ ఏమీ వెలగట్లేదు, అంటే ఇంజన్ బాగున్నట్టేనా?

తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మీటర్ చూడండి. ఇంజన్ బొమ్మ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు కనెక్షన్ తీసేశారేమో అని అనుమానించండి. వెలిగి ఆరినా స్కానర్ పెట్టి, యాప్‌లో రెడీనెస్ మానిటర్లు అనే పేజీ తెరవండి. ఈసీయూ తన పరీక్షలు పూర్తి చేసుకుందో లేదో అందులో ఉంటుంది. రోజూ తిరిగే కారు అని చెబుతూ, ఎక్కువ మానిటర్లు పూర్తి కాలేదని చూపిస్తే, మీరు వచ్చేముందే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. కొన్ని కార్లలో కోడ్ చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా కనిపిస్తుంది. అక్కడ 4 అనో 10 అనో ఉంటే, బేరం ఆపి, వారం రోజులు నడిపాక మళ్లీ వచ్చి చూస్తానని చెప్పండి.